విండోస్ మెసెంజర్ గురించి నాలుగు మంచి మాటలు

విండోస్ ఎక్స్‌పీ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వాడినవాళ్లని, దాంతో వచ్చిన విండోస్ మెసెంజర్ అనే చాట్ ప్రోగ్రామ్ గుర్తుందా అని అడిగితే సాధారణంగా రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు సంబరంగా ‘గుర్తులేకపోవడమేమిటి, అర్ధరాత్రి దాకా దాంట్లోనే కబుర్లు’ అంటారు. కాస్త వివరంగా అడిగితే వాళ్లు చెప్తున్నది ఎంఎస్ఎన్ మెసెంజర్ గురించని తేలుతుంది. ఇంకొందరు ‘గడియారం పక్కన కూర్చుని లాగిన్ అవ్వమని అడుగుతూ ఉండేది, అదేగా? దాన్ని వదిలించుకోవడం ఎలాగో ఇప్పటికీ గుర్తుంది’ అంటారు. అవును, అదే.

ఒక ప్రోగ్రామ్‌ని అది చేసిన పనితో కాకుండా, తీసెయ్యడానికి పడ్డ పాట్లతో జనం గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. నేను 2002 నుంచి చాలా ఏళ్లు ఒక ఆఫీసులో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే పని చేశాను. ఆ రోజుల్లో నా ఉద్యోగంలో పెద్ద భాగం ఆ చిన్న విండోలోనే నడిచింది. దాని మీద వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవే, వాటిని దాచను. కానీ దానికి దక్కాల్సిన మాట ఒకటి ఎవరూ చెప్పగా వినలేదు. అది చెప్పాలనే ఈ పోస్టు.

ముందు పేర్ల గొడవ తేల్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ 1999 జులైలో ఎంఎస్ఎన్ మెసెంజర్ విడుదల చేసింది. కావలసినవాళ్లు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు. 2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు దాంతోపాటే వచ్చింది విండోస్ మెసెంజర్. రెండూ ఒకే సర్వర్లకి కలిసేవి, ‘పాస్‌పోర్ట్’ అనే ఒకే మైక్రోసాఫ్ట్ లాగిన్ అకౌంట్‌తో తెరుచుకునేవి, ఇటునుంచి అటు మాట్లాడుకోవచ్చు. కానీ ప్రోగ్రామ్‌లు వేరు, వాటి ఫైళ్లు వేరు. ఇది చాలదన్నట్టు విండోస్‌లో ‘మెసెంజర్ సర్వీస్’ అని మూడోది ఉండేది. దానికీ చాటింగ్‌కీ సంబంధమే లేదు. 2006 నాటికి ఎంఎస్ఎన్ మెసెంజర్ పేరు మారి విండోస్ లైవ్ మెసెంజర్ అయింది, అది నాలుగోది. ఇన్ని పేర్లలో మెసెంజర్ అనే మాట ఉంటే మామూలు మనిషి ఏది దేనికో ఎలా తేల్చుకుంటాడు? ఒకదాని తప్పు ఇంకొకదాని మీద పడటం ఇక్కడి నుంచే మొదలైంది.

విండోస్ మెసెంజర్ చూడ్డానికి చాలా సాదా. నిలువుగా, సన్నగా ఉండే విండో. పైన మన పేరు, దాని కింద ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లు, వాళ్ల కింద లేనివాళ్లు. అడుగున ‘ఐ వాంట్ టు’ అనే చిన్న పెట్టె, అందులో కాంటాక్ట్ చేర్చు, మెసేజ్ పంపు, ఇంకా ఇతర పనులు. ఎవరి పేరు మీదైనా రెండుసార్లు క్లిక్ చేస్తే మాట్లాడుకునే విండో. ప్రతి సంభాషణకీ పైన ఒకే హెచ్చరిక: మీ పాస్‌వర్డ్ గానీ క్రెడిట్ కార్డు నంబర్ గానీ ఇక్కడ ఎవరికీ ఇవ్వకండి అని. కింద ఒక సన్నటి గీత లాంటి పట్టీ. అవతలి మనిషి టైప్ చేస్తుంటే అక్కడ ఆ సంగతి కనిపించేది. లేకపోతే చివరి మెసేజ్ ఏ తేదీన, ఎన్ని గంటలకి వచ్చిందో రాసి ఉండేది. ప్రకటనలు లేవు. మన ఫోటో పెట్టుకునే వీలు కూడా లేదు.

దాని లోపల ఏం జరుగుతోందో చూడాలని ఒకసారి నెట్‌వర్క్ మీద వెళ్లే డేటాని పట్టి చూశాను. ఉద్యోగంలో కొత్త, కుతూహలం ఎక్కువ. అప్పటికి నేను చూసిన చాలా ప్రోగ్రామ్‌ల డేటా మనిషి చదవడానికి వీల్లేని బైట్ల గుట్ట. ఇదేమో తెరిచిన పుస్తకం. 1863 నంబర్ టీసీపీ పోర్టు (నెట్‌వర్క్‌లో డేటా వెళ్లే తలుపు లాంటిది) మీద, మూడేసి అక్షరాల ఆజ్ఞలు, ఒక్కో ఆజ్ఞ ఒక్కో వరుసలో, మామూలు అక్షరాల్లో. లాగిన్ అవ్వడానికి ‘యూఎస్ఆర్’, స్టేటస్ మార్చుకోవడానికి ‘సీహెచ్‌జీ’, మెసేజ్‌కి ‘ఎంఎస్‌జీ’. ఆన్‌లైన్‌లో ఉంటే ‘ఎన్ఎల్ఎన్’, పనిలో ఉంటే ‘బీఎస్‌వై’, ఇప్పుడే వస్తా అంటే ‘బీఆర్‌బీ’, ఫోన్‌లో ఉంటే ‘పీహెచ్ఎన్’, భోజనానికి వెళ్తే ‘ఎల్‌యూఎన్’, ఉండి కూడా లేనట్టు కనిపించాలంటే ‘హెచ్‌డీఎన్’. ఎవరూ పక్కన కూర్చుని చెప్పకపోయినా చదివితే అర్థమైపోయేంత తేట.

రెండు రకాల సర్వర్లు ఇందులో ముఖ్యం. ఒకటి నోటిఫికేషన్ సర్వర్. లాగిన్ అయినంతసేపూ దాంతో కనెక్షన్ తెరిచి ఉంటుంది. మన కాంటాక్టుల్లో ఎవరొచ్చారో, ఎవరు వెళ్లారో అది చెప్తూ ఉంటుంది. రెండోది స్విచ్‌బోర్డ్. ఇద్దరు మాట్లాడుకోవాలంటే అక్కడ ఒక సెషన్ తెరుచుకుంటుంది. నేను ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే నా మెసెంజర్ ముందు నోటిఫికేషన్ సర్వర్‌ని ఒక స్విచ్‌బోర్డ్ అడ్రస్ అడుగుతుంది, అక్కడికి వెళ్లి ‘సీఏఎల్’ అని అవతలి మనిషిని పిలుస్తుంది. అవతలివైపు ‘ఆర్ఎన్‌జీ’ మోగుతుంది. ఆ మెసెంజర్ ‘ఏఎన్ఎస్’ అని జవాబిచ్చి లోపలికి వస్తే నాకు ‘జేఓఐ’ అని తెలుస్తుంది. మాటలు అయిపోయి ఎవరైనా విండో మూస్తే ‘బీవైఈ’. అవతలివాళ్లు టైప్ చేస్తున్నారని చెప్పేది కూడా ఒక మెసేజే, కాకపోతే అందులో మాటలుండవు, టైప్ చేస్తున్న మనిషి అడ్రస్ మాత్రమే ఉంటుంది. నవ్వు ముఖం బొమ్మ పంపితే బొమ్మ వెళ్లేది కాదు. మనం కొట్టిన విరామ చిహ్నాలే వెళ్లేవి. వాటిని బొమ్మగా చూపించడం అవతలి కంప్యూటర్ పని. ఎంత పొదుపుగా ఆలోచించారో అనిపించింది. డయల్‌అప్ మోడెమ్ మీద కూడా అది చకచకా నడవడానికి ఈ పొదుపే కారణం.

ఇందులో ఒక లోపమూ కనిపిస్తోంది, చెప్పాలి. లాగిన్ పాస్‌వర్డ్‌కి రక్షణ ఉండేది గానీ, మాటలు మాత్రం ఏ తాళమూ లేకుండా వెళ్లేవి. నేను పట్టి చూసింది నా సొంత కంప్యూటర్ డేటానే, కానీ అదే నెట్‌వర్క్‌లో కూర్చున్న ఎవరైనా అలా చూడగలరు. పైనున్న ఆ పాస్‌వర్డ్ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత మా ఆఫీసులో ఎవరికి మెసెంజర్ నేర్పినా మొదట ఆ వరుస చదివించేవాణ్ణి.

తెలుగు రాసేవాళ్లకి ఒక ముక్క ఇక్కడే చెప్పుకోవాలి. మెసేజ్‌లు యూటీఎఫ్-8లో వెళ్లేవి, అంటే యూనికోడ్‌లో ఉన్న ఏ లిపి అయినా పోతుంది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉండేవి. కాకపోతే రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు వేసుకోమని టిక్కు పెట్టాలి. ఆ టిక్కు పెట్టని కంప్యూటర్‌లో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడేవి. రెండువైపులా సరిగ్గా పెట్టుకుంటే మాత్రం తెలుగు అక్షరం అటునుంచి ఇటు చెక్కుచెదరకుండా వచ్చేది. మెసేజ్‌తోపాటు ఫాంటు పేరూ రంగూ కూడా ఒక వరుసలో వెళ్లేవి కాబట్టి గౌతమిలో రాస్తే గౌతమిలోనే కనిపించేది. వెబ్ పేజీల్లో తెలుగు ఇంకా రకరకాల ఫాంట్ల గందరగోళంలో ఉన్న కాలం అది. ఈ చిన్న చాట్ విండోలో అది పనిచేయడం చూసి నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

ఇక అసలు విషయం. ఆ ప్రోగ్రామ్‌లో అవతలి మనిషి లేనప్పుడు మెసేజ్ పంపడం కుదరదు. ఇప్పటి పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్ల పేరు మీద నొక్కితే మెయిల్ పంపమంటావా అని అడిగేది, అంతే. మాట్లాడుతుండగా వాళ్ల కనెక్షన్ పోతే, ఫలానా మెసేజ్ అందరికీ చేరలేదు అని మన మాటని మనకే చూపించేది. ఆఫ్‌లైన్ మెసేజ్‌లు ఈ సర్వీసులోకి 2006లో విండోస్ లైవ్ మెసెంజర్‌తో వచ్చాయి. అప్పటిదాకా సంభాషణ అంటే ఇద్దరూ అక్కడ ఉండటమే.

దానివల్ల ఆఫీసులో ఒక మర్యాద దానంతటదే ఏర్పడింది. స్టేటస్ చూడకుండా ఎవరూ ఎవరినీ కదిలించేవాళ్లు కాదు. తలుపు దగ్గర నిలబడి లోపలి మనిషి ఖాళీగా ఉన్నాడో లేదో చూసుకుని పలకరించినట్టు ఉండేది. ఎర్ర గుర్తు ఉంటే ఆగేవాళ్లు. పచ్చగా ఉంటే ‘ఉన్నారా అండీ?’ అని మొదటి మెసేజ్. ‘ఆ, చెప్పండి’ అని వస్తేనే పని మాట. స్టేటస్ మార్చడం జనానికి అలవాటైంది, ఎందుకంటే దానికి విలువ ఉండేది. భోజనానికి లేచేవాళ్లు భోజనం అని పెట్టి లేచేవాళ్లు. నాకు తెలిసిన ఒకాయనకి ఫోన్‌లో మాట తడబడేది. ఫోన్ మోగితే టెన్షన్ పడేవాడు. మెసెంజర్ వచ్చాక ఆయన మిగతా విభాగాలతో మాట్లాడటం మొదలుపెట్టాడు, అదీ నిదానంగా, పూర్తి వాక్యాల్లో. మెయిల్ కంటే త్వరగా, ఫోన్ కంటే నెమ్మదిగా ఉండే మాధ్యమం ఒకటి కావలసినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లకి అది విడిగా అడిగి తెచ్చుకునే పని లేకుండా, కంప్యూటర్ తెరిస్తే అక్కడే ఉంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది రిమోట్ అసిస్టెన్స్. ఇది ఎక్స్‌పీలో ఉన్న సౌకర్యం, మెసెంజర్‌లోంచి నేరుగా అడగవచ్చు. సహాయం కావలసిన మనిషి నా పేరు ఎంచుకుని అభ్యర్థన పంపుతారు, నేను ఒప్పుకుంటాను, అప్పుడు వాళ్ల స్క్రీన్ నా స్క్రీన్ మీద ఒక విండోలో కనిపిస్తుంది. మొదట చూడటానికి మాత్రమే. మౌస్ నా చేతికి రావాలంటే నేను ‘టేక్ కంట్రోల్’ నొక్కాలి, వాళ్లు మళ్లీ విడిగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా వాళ్లు ఎస్కేప్ కీ నొక్కితే చాలు, నా చేతిలోంచి పోతుంది. మొత్తం అధికారం సాయం అడిగినవాళ్లదే. ఈ పద్ధతి రూపొందించినవాళ్లు మనిషి భయాన్ని అర్థం చేసుకున్నారు.

మా అకౌంట్స్‌లో ఒక మేడమ్ ఉండేవారు. లెక్కల్లో ఆవిడకి సాటి లేరు గానీ కంప్యూటర్ అంటే బెరుకు. ఏదైనా ఆగిపోతే నేను పై అంతస్తు నుంచి కిందికి దిగి వెళ్లి, ఆవిడ కుర్చీలో కూర్చుని సరిచేసి వచ్చేవాణ్ణి. పని అయ్యేది కానీ ఆవిడకి ఏమీ తెలిసేది కాదు, నా వీపు వెనక నిలబడి ఉండేవారు కాబట్టి. రిమోట్ అసిస్టెన్స్ మొదలుపెట్టాక పరిస్థితి తిరగబడింది. ఆవిడ తన కుర్చీలోనే, తన స్క్రీన్ ముందే ఉండేవారు.

‘మేడమ్, ఇప్పుడు నేను మౌస్ పట్టుకోను. మీరే టూల్స్ మీదికి వెళ్లండి.’

‘వెళ్లాను. ఇక్కడ చాలా ఉన్నాయి బాబూ.’

‘చివరిది చూడండి.’

‘ఆప్షన్స్?’

‘అదే. నొక్కండి, ఏం కాదు, నేను చూస్తున్నానుగా.’

ఇది మెసేజ్‌లలో నడిచిన సంభాషణే, దాదాపు ఇలాగే. నేను చూస్తున్నానన్న ధైర్యం ఆవిడకి, చెయ్యి మాత్రం ఆవిడదే. కొన్నాళ్లకి ఆవిడ ప్రింటర్ క్యూ తనే ఖాళీ చేసుకోవడం మొదలుపెట్టారు, ఆ తర్వాత పక్క టేబుల్ అమ్మాయికి నేర్పారు. ఆ పద్ధతిలో నేర్పడం నాకు అంత బాగా నచ్చింది కాబట్టి, ఈరోజు ఎన్ని ఖరీదైన రిమోట్ సాఫ్ట్‌వేర్లు వాడినా ముందు మౌస్ తీసుకోను. చూస్తానంతే.

వైట్‌బోర్డ్, అప్లికేషన్ షేరింగ్ కూడా మెసెంజర్‌లో ఉండేవి. ఇవి నెట్‌మీటింగ్ అనే అంతకుముందటి ప్రోగ్రామ్ నుంచి వచ్చిన సరుకు. కేబుళ్లు ఎక్కడ వెయ్యాలో వైట్‌బోర్డ్ మీద గీసి చూపించేవాణ్ణి. మాటలు, వీడియో కూడా ఉండేవి. ఆఫీసు నెట్‌వర్క్‌లో బాగానే నడిచేవి, బయటికి మాత్రం కష్టం. ఎందుకంటే ఫైళ్లయినా గొంతయినా సర్వర్ ద్వారా వెళ్లవు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నేరుగా వెళ్తాయి. ఫైళ్లకి 6891 నుంచి 6900 దాకా పోర్టులు. మధ్యలో అడ్రస్ మార్చే రూటర్ ఉంటే, అది యూపీఎన్‌పీ (ప్రోగ్రామ్ అడిగితే రూటర్ దారి తెరిచే పద్ధతి) అర్థం చేసుకునే రకం కాకపోతే, అవతలివైపు నుంచి కనెక్షన్ లోపలికి రాలేదు. పంపుతున్నాను అని ఇటు, ఎదురుచూస్తున్నాను అని అటు, అక్కడే ఆగిపోయేది.

మరి ఇంత పనికొచ్చేదాన్ని జనం ఎందుకు అంతగా విసుక్కున్నారు?

మొదటి కారణం, అది వాళ్లు అడగకుండా వచ్చింది. ఎక్స్‌పీ వేస్తే చాలు, అది ఉంటుంది. కంప్యూటర్ తెరవగానే మొదలవుతుంది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్ తెరిస్తే దాంతోపాటు కూడా లేస్తుంది. పోనీ తీసేద్దామంటే విండోస్ కాంపొనెంట్స్ జాబితాలో దాని పేరే కనిపించదు. పేరు లేక కాదు. విండోస్ ఫోల్డర్ లోపల, సిస్‌ఓసీ అనే ఒక ఐఎన్ఎఫ్ ఫైల్లో, మెసెంజర్ వరుసలో ‘హైడ్’ అనే మాట ఉండేది. నోట్‌ప్యాడ్‌తో ఆ ఫైలు తెరిచి ఆ ఒక్క మాట చెరిపేస్తే జాబితాలో ప్రత్యక్షమయ్యేది. ఈ చిట్కా ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రికల్లోనూ ఆఫీసుల్లోనూ చేతులు మారుతూ తిరిగింది. వాడనివాళ్లకి తీసేసే దారి మామూలుగా కనిపించేలా ఉంచాల్సింది. దాచడం తప్పు, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కావాలనుకున్నవాడికి కూడా, బలవంతంగా వచ్చింది కాబట్టి దాని మీద ప్రేమ పుట్టదు.

ఈ తగువు ఆఫీసుల్లోనే ఆగలేదు. అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసులో ఒప్పందం కుదిరినప్పుడు, ఆ తీర్పులో ‘మిడిల్‌వేర్’ (ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మిగతా ప్రోగ్రామ్‌లకీ మధ్య ఉండేవి) కింద పేరుపెట్టి రాసిన వాటిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, మీడియా ప్లేయర్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లతోపాటు విండోస్ మెసెంజర్ కూడా ఉంది. దానికి అనుగుణంగా 2002 సెప్టెంబర్‌లో ఎక్స్‌పీకి వచ్చిన మార్పుల కట్ట సర్వీస్ ప్యాక్ 1లో ‘సెట్ ప్రోగ్రామ్ యాక్సెస్ అండ్ డిఫాల్ట్స్’ అనేది చేరింది. దాంతో మెసెంజర్‌ని కనబడకుండా చేసుకోవచ్చు. ఫైళ్లు మాత్రం డిస్క్ మీద అలాగే ఉండేవి. దక్షిణ కొరియాలో విషయం ఇంకా దూరం వెళ్లింది. అక్కడి దౌమ్ అనే ఇంటర్నెట్ సంస్థ ఫిర్యాదు మీద విచారించిన ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2005 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్‌కి జరిమానా వేసి, మీడియా ప్లేయర్, మెసెంజర్ లేని విండోస్‌ని కూడా అమ్మాలని ఆదేశించింది. 2006లో ఎక్స్‌పీకి ఆ దేశం కోసమే ‘కె’, ‘కెఎన్’ అని రెండు ప్రత్యేక ఎడిషన్లు వచ్చాయి. ‘కెఎన్’లో ఆ రెండు ప్రోగ్రామ్‌లూ ఉండవు. ఒక చిన్న చాట్ ప్రోగ్రామ్ లేకుండా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ని విడిగా తయారుచెయ్యాల్సి రావడం అంటే మామూలు సంగతి కాదు.

రెండో కారణం మాత్రం పూర్తిగా అన్యాయం. ఇందాక చెప్పిన మూడోది, మెసెంజర్ సర్వీస్. ఇది ఎక్స్‌పీకి ముందటి విండోస్ ఎన్‌టీ రోజుల నుంచి ఉన్నది. నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు ‘నెట్ సెండ్’ అనే ఆజ్ఞతో ‘పది నిమిషాల్లో సర్వర్ ఆపుతున్నాం, ఫైళ్లు సేవ్ చేసుకోండి’ అని అందరి స్క్రీన్ల మీదా ఒక బూడిదరంగు పెట్టె తెప్పించడానికి పనికొచ్చేది. ఆఫీసు లోపల బంగారం లాంటి సౌకర్యం. కానీ ఫైర్‌వాల్ లేకుండా ఇంటర్నెట్‌కి నేరుగా కలిసిన కంప్యూటర్లకి బయటివాళ్లు కూడా అవి పంపగలరని 2002 ప్రాంతంలో స్పామర్లు కనిపెట్టారు. బ్రౌజర్ తెరవకపోయినా, ఏమీ చెయ్యకుండా కూర్చున్నా స్క్రీన్ మధ్యలో ప్రకటనలు ఊడిపడేవి. కొందరైతే ఆ పెట్టెల్ని ఆపే సాఫ్ట్‌వేర్ కొనమని ఆ పెట్టెల్లోనే ప్రకటన పంపేవాళ్లు. అలా చేసిన ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2003 నవంబర్‌లో కోర్టుకి వెళ్లింది. అదే ఏడు అక్టోబర్‌లో ఈ సర్వీసులో ఒక ప్రమాదకరమైన భద్రతా లోపం కూడా బయటపడింది. చివరికి 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2లో దాన్ని ముందే ఆపేసి ఇచ్చారు.

ఆ పెట్టె నెత్తిన ‘మెసెంజర్ సర్వీస్’ అని రాసి ఉండేది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? గడియారం పక్కనున్న మెసెంజరే ఇదంతా చేస్తోందనుకునేవాళ్లు. ‘ఆ మెసెంజర్ తీసెయ్యండి సార్, పిచ్చి పిచ్చి ప్రకటనలు వస్తున్నాయి’ అని నాకు వచ్చిన ఫోన్లకి లెక్కలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని ఓపిగ్గా చెప్పి, సర్వీసెస్‌లోకి వెళ్లి అసలు దోషిని ఆపేవాణ్ణి. నమ్మినవాళ్లు నమ్మారు. మిగతావాళ్లు మెసెంజర్‌ని కూడా తీసేయించుకున్నారు.

ఇంతలో పక్కనున్న ఎంఎస్ఎన్ మెసెంజర్ పెరిగిపోయింది. 2003లో ఆరో వెర్షన్‌తో ఫోటోలు, సొంత బొమ్మలు, బ్యాక్‌గ్రౌండ్లు వచ్చాయి. తర్వాతి వెర్షన్‌లో అవతలివాళ్ల విండోని కుదిపే నడ్జ్ వచ్చింది. కుర్రకారంతా అటు వెళ్లిపోయారు. విండోస్ మెసెంజర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం కాబట్టి దాని మార్పులు సర్వీస్ ప్యాక్‌ల నడకతో నడవాలి. పైగా ఆఫీసులు దాని మీద ఆధారపడ్డాయి, ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. విండోస్‌తో కలిపి ఇవ్వడం దానికి బలమని అందరూ అనుకున్నారు. నా లెక్కలో దాని కాళ్లు కట్టేసింది అదే.

ఆఫీసుల మాట వచ్చింది కాబట్టి, దాని కథలో చాలామందికి తెలియని సగం చెప్తాను. విండోస్ మెసెంజర్ ఎంఎస్ఎన్ సర్వర్లతోనే కాదు, ఎక్స్ఛేంజ్ 2000 అనే మెయిల్ సర్వర్‌తో, సిప్ ప్రోటోకాల్ మాట్లాడే సర్వర్లతో కూడా పనిచేసేది. సిప్ అంటే ఇప్పుడు ఇంటర్నెట్ ఫోన్లు వాడే పద్ధతే. 2003లో మైక్రోసాఫ్ట్ లైవ్ కమ్యూనికేషన్స్ సర్వర్ తెచ్చినప్పుడు దానికి క్లయింట్‌గా, అంటే యూజర్ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా వాడింది విండోస్ మెసెంజర్ 5.0ని. మేమూ అలా సొంత సర్వర్ పెట్టుకున్నాం. ఆఫీసు మాటలు ఆఫీసు గోడలు దాటకుండా, కనెక్షన్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని నడిపాం. నేను ఇందాక చెప్పిన పెద్ద లోపం అక్కడ తీరిపోయింది. ఆ సర్వర్ 2005 వెర్షన్‌తో ఆఫీస్ కమ్యూనికేటర్ అనే కొత్త క్లయింట్ వచ్చి మెసెంజర్ స్థానం తీసుకుంది. దాని తర్వాత 2010లో లింక్, 2015లో స్కైప్ ఫర్ బిజినెస్, 2017లో టీమ్స్. ఇప్పుడు టీమ్స్‌లో మీ పేరు పక్కన ఉండే పచ్చ చుక్క, ఎర్ర చుక్క, ‘బీ రైట్ బ్యాక్’ అనే స్టేటస్ చూడండి. మేము 2002లో వాడిన జాబితాలోంచి వచ్చిన మాట అది. స్క్రీన్ షేర్ చేసి, అడిగితే కంట్రోల్ ఇవ్వడం కూడా మాకు అప్పుడే చేతిలో ఉన్న పని.

మిగతా కథ చిన్నది. 2007లో ఎక్స్‌పీ తర్వాతి విండోస్ అయిన విస్టా వచ్చింది, అందులో విండోస్ మెసెంజర్ లేదు. లైవ్ మెసెంజర్ డౌన్‌లోడ్ చేసుకోమనే లింకు మాత్రం ఉంది. 2011లో స్కైప్‌ని కొన్న మైక్రోసాఫ్ట్, 2013 ఏప్రిల్ నుంచి లైవ్ మెసెంజర్‌ని ఆపడం మొదలుపెట్టింది. చైనాలో 2014 అక్టోబర్ దాకా నడిచింది. ఎక్స్‌పీకే 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ముగిసింది. ఆ వరసలో స్కైప్ కూడా 2025 మే నెలలో మూతపడింది.

ఆ పాత ప్రోటోకాల్, అంటే ఇందాక చెప్పిన మూడక్షరాల ఆజ్ఞల పద్ధతి మాత్రం ఇంకా బతికే ఉంది. మైక్రోసాఫ్ట్ 1999 ఆగస్టులో దాని మొదటి రూపాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌కి డ్రాఫ్ట్‌గా ఇచ్చింది. అప్పట్లో సొంత మెసెంజర్ ఉన్న అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్‌తో పెద్ద యుద్ధం నడుస్తోంది. ఎంఎస్ఎన్ మెసెంజర్ ఏఓఎల్ యూజర్లతో కలవకుండా వాళ్లు అడ్డుకోవడం, వీళ్లు మళ్లీ దారి వెతకడం జరుగుతున్న రోజులు. అందరూ ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలన్న వాదనలో భాగంగా ఆ పత్రం బయటికి వచ్చింది. ఆ తర్వాతి వెర్షన్లని బయటి ప్రోగ్రామర్లు నేను చూసినట్టే డేటా పట్టి చూసి, వరుస వరుసా రాసి పెట్టారు. వాటి ఆధారంగా ఎస్కార్గో అనే పేరుతో కొందరు ఔత్సాహికులు సొంత సర్వర్ తయారుచేశారు, పాత ఎంఎస్ఎన్ మెసెంజర్లు దానికి కలిసి మళ్లీ పనిచేశాయి.

ఇప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి నెట్‌వర్కింగ్ నేర్పుతుంటాను. మొదటి పాఠంగా ఆ 1999 డ్రాఫ్ట్ చేతికిస్తాను. పెద్ద పత్రం కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే చదివెయ్యవచ్చు. చదివాక అందులోంచి లాగిన్, స్టేటస్, ఒక మెసేజ్, ఈ మూడు పనులు చేసే చిన్న సర్వర్ రాయమంటాను. కొద్దిరోజుల్లో రాసేస్తారు, ఎందుకంటే ఆజ్ఞలు కళ్లకి కనిపిస్తాయి, తప్పు ఎక్కడుందో చదివి పట్టుకోవచ్చు. వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ వేసి ఉంచాను, సర్వర్ ఎలా ప్రవర్తించాలో అర్థం కావడానికి ముందు దాంట్లో మెసెంజర్ తెరిచి చూడమంటాను. మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆఫ్‌లైన్ మెసేజ్ కూడా కలుపుతానంది. కలపొద్దని చెప్పాను. ముందు అది లేకుండా వారం రోజులు తోటివాళ్లతో వాడి చూడమన్నాను.